గోడ దూకి వచ్చే గండుపిల్లితో వేగేదెలా?

పెంపుడు జంతువులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది రాజమండ్రిలో సొంతిల్లు. చుట్టూ ప్రహరీ, వెనక పెరడు ఉన్నాయి. రెండు ఆడ పిల్లుల్ని పెంచుతున్నాం. రెండు నెలలుగా ఒక పెద్ద గండుపిల్లి చీకటి పడే వేళకు గోడ దూకి వస్తోంది. పెరటి తలుపు తీసి ఉంటే వంటింట్లోకే వచ్చి మావాటి గిన్నె ఖాళీ చేసి, వాటిని తరిమి తరిమి కొడుతోంది. చీపురు తీస్తే గోడెక్కి కూర్చుంటుంది, మేం లోపలికి రాగానే మళ్ళీ దిగుతుంది. చిన్న పిల్లి మంచం కింద నుంచి బయటికి రావడమే మానేసింది. చిన్నదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, పెద్దదానికి ఇంకా చేయించలేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో చివర రాసిన మాటతోనే మొదలుపెట్టాలి. ఆపరేషన్ కాని ఆడ పిల్లి ఎదకొస్తే దాని వాసనకు, అరుపుకు చుట్టుపక్కల వీధుల గండుపిల్లులన్నీ మీ గోడ మీదికి చేరతాయి. చూలు నిలవకపోతే రెండు మూడు వారాలకు మళ్ళీ ఎదకొస్తుంది. మన వైపు దాదాపు ఏ నెలలోనైనా ఇది జరుగుతుంది. అందుకని ముందు పెద్దదానికి ఆపరేషన్ చేయించండి. అది కానంత వరకు మిగతా ఏర్పాట్లన్నీ సగం పనే చేస్తాయి.

ఇక వచ్చే పిల్లి సంగతి. అది ఎవరిదో, దానికి ఆపరేషన్ అయిందో లేదో తెలుసుకోండి. బుగ్గలు ఉబ్బి మొహం వెడల్పుగా ఉండి, చెవుల అంచులు చిరిగి, తోకెత్తి నడిచేటప్పుడు వెనక వృషణాలు కనిపిస్తే ఆపరేషన్ కానట్టే. ఒక చెవి కొస అడ్డంగా, తిన్నగా కోసినట్టుంటే వీధిపిల్లిని పట్టి ఆపరేషన్ చేసి వదిలారని గుర్తు. ఎవరిదో తెలియనప్పుడు కాగితం పట్టీ బాగా పనికొస్తుంది. రెండు సెంటీమీటర్ల వెడల్పు మామూలు కాగితం మీద ‘ఈ పిల్లి మీదైతే ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి’ అని రాసి, మెడ చుట్టూ రెండు వేళ్ళు దూరేంత వదులుగా పెట్టి చివరలు చిన్న టేపు ముక్కతో అంటించండి. దారం, రబ్బరు బ్యాండు వాడొద్దు. కాగితమైతే ఎక్కడైనా చిక్కుకున్నా చిరిగిపోతుంది. మనిషికి మచ్చికైన పిల్లికే ఇది కట్టండి, బెదురు పిల్లిని పట్టుకోబోతే కరుస్తుంది.

యజమాని దొరికితే ‘మీ పిల్లి మా పిల్లుల్ని కొడుతోంది’ అంటూ మొదలుపెట్టకండి. ‘దెబ్బలాటల్లో దానికీ గాయాలవుతున్నాయి, ఆపరేషన్ చేయిస్తే రోడ్డున పడి తిరగడం తగ్గుతుంది’ అంటే వింటారు. ఒప్పుకుంటే వేళలు పంచుకోండి. ఉదయం వాళ్ళ పిల్లి బయట, సాయంత్రం మీవి. పిల్లులు తమంతట తాము కూడా ఒకే చోటును ఇలా వేళల ప్రకారం వాడుకుంటాయి కాబట్టి ఇది త్వరగానే అలవాటవుతుంది.

యజమాని లేకపోతే పట్టే బోను తెప్పించాలి. మొదటి రెండు మూడు రోజులు బోను తలుపు పడకుండా తీగతో కట్టేసి లోపలే తిండి పెట్టండి. భయం లేకుండా వెళ్ళి తింటున్నాక, ఒక పూట పస్తు పెట్టి, బోను చివర గుప్పెడు ఎండు మెత్తళ్ళు వేసి తలుపు కట్టు విప్పండి. పడగానే బోను మీద ముదురు రంగు దుప్పటి కప్పాలి. కప్పకపోతే ఊచలకు మూతి కొట్టుకుని రక్తం చేసుకుంటుంది. మగపిల్లి అయితే ఆపరేషన్ మర్నాటికి, మత్తు పూర్తిగా దిగాక, పట్టిన చోటే వదలొచ్చు. ఫలితం వెంటనే కనిపించదు. ఒంట్లో హార్మోను తగ్గి తిరుగుడు, కొట్లాట, మూత్రం చిమ్మడం సద్దుమణగడానికి నెలా నెలన్నర పడుతుంది. ‘ఆపరేషన్ చేయించినా మానలేదు’ అని పది రోజులకే వదిలేసేవాళ్ళు ఎక్కువ.

ఈలోగా దాన్ని రప్పిస్తున్న తిండి ఆపాలి. మీ పిల్లులకు రెండు పూటలా వేళకు పెట్టి, 20 నిమిషాల తర్వాత గిన్నె తీసెయ్యండి. చేపలు తోమిన చోట నీళ్ళు కొట్టి కడగండి, పొలుసు, పేగులు పెరట్లో పారెయ్యకండి. గోదావరి పక్క ఊళ్ళో ఈ ఒక్క అలవాటే సగం వీధిపిల్లుల్ని మన పెరట్లోకి తెస్తుంది.

గోడ విషయానికొస్తే, గాజు పెంకులు పాతించొద్దు. వాటి మీద ముందుగా కాళ్ళు కోసుకునేవి మీ పిల్లులే. తిరిగే గొట్టం పెట్టించండి. వెల్డింగ్ షాపులో ఎల్ యాంగిల్ బ్రాకెట్లు చేయించి గోడ మీద నాలుగైదు అడుగులకొకటి బిగించాలి. వాటి మధ్య గట్టి జీఐ తీగ లాగి, దానికి ఒకటిన్నర అంగుళం పీవీసీ గొట్టం, దాని మీద నాలుగంగుళాల గొట్టం తొడగాలి. పిల్లి దూకి పంజా వేయగానే పై గొట్టం గిర్రున తిరుగుతుంది, పట్టు దొరక్క కిందికి జారుతుంది. ఇక్కడ జరిగే తప్పులు రెండు. గోడకూ గొట్టానికీ మధ్య రెండంగుళాల కంటే ఎక్కువ సందు వదిలితే కింద నుంచి దూరుతుంది. బ్రాకెట్ల మధ్య దూరం మరీ ఎక్కువైతే తీగ సాగి, గొట్టాలు ఒకదానికొకటి రాసుకుని తిరగవు.

గోడ పక్కన కొబ్బరిచెట్టు, నీళ్ళ ట్యాంకు, షెడ్డు రేకు ఉంటే ఎంత గొట్టం పెట్టినా దండగ, అక్కడి నుంచి దూకేస్తుంది. చెట్టుకైతే ఎలుకలు ఎక్కకుండా కోనసీమలో చుట్టినట్టే, నేల నుంచి నాలుగైదడుగుల ఎత్తున రెండున్నర అడుగుల వెడల్పు రేకు చుట్టండి. పెరటి తలుపుకు స్ప్రింగుతో దానంతటదే మూసుకునే జాలీ తలుపు పెట్టించండి. నైలాన్ దోమల తెర పనికిరాదు, ఒక్క రాత్రిలో గోళ్ళతో చీల్చేస్తుంది. స్టీలు మెష్ వేయించి, చట్రానికి ప్రతి ఆరంగుళాలకు ఒక స్క్రూ పడేలా చూడండి.

తరమడానికి చీపురు పట్టుకుని అరుస్తూ పరిగెత్తకండి. గండుపిల్లికి అది ఆటైపోతుంది, భయం మీ పిల్లులకు పట్టుకుంటుంది. మీవి ఇంట్లో ఉన్నప్పుడు, అది గోడ దిగిన క్షణంలోనే, దాని ముందు నేల మీద పైపుతో నీళ్ళు కొట్టండి చాలు. మంచం కింది చిన్నదాన్ని లాక్కురావొద్దు. తిండి, నీళ్ళు దాని దగ్గరికే పెట్టండి. బీరువా మీద గుడ్డ పరిచిన అట్టపెట్టె పెట్టి, అక్కడికి ఎక్కే దారి చూపండి. ఎత్తున కూర్చుని గది అంతా చూడగలిగిన రోజు నుంచి దాని బెదురు తగ్గుతుంది.

ప్రశ్న: హైదరాబాద్ కూకట్‌పల్లిలో మొదటి అంతస్తు ఫ్లాట్ మాది. ఒక వీధిపిల్లి సజ్జా మీదుగా వచ్చి బాల్కనీ అద్దం బయట కూర్చుంటోంది. లోపలికి రాలేదు. కానీ నిన్న రాత్రి నుంచి ఒకే కాన్పులో పుట్టిన మా రెండు పిల్లులూ ఒకదాన్నొకటి చంపుకునేలా కొట్టుకుంటున్నాయి. విడదీయబోతే నన్ను గీరింది. నాలుగేళ్ళుగా ఒకే దిండు మీద పడుకున్నవి ఇలా ఎందుకు చేస్తున్నాయి?

జవాబు: ముందు మీ సంగతి. పిల్లి గీరినా కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే కుళాయి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించండి. పెంపుడు పిల్లే కదా అని ఊరుకోవద్దు. రేబిస్ టీకా కావాలో లేదో ఆయన చెబుతారు.

మీ పిల్లులకు ఒకదాని మీద ఒకటికి కోపం లేదు. అద్దం బయట శత్రువు కనిపిస్తోంది, అందడం లేదు. ఒళ్ళంతా బిగదీసుకుని ఉన్న ఆ సమయంలో పక్కకు ఏది వస్తే దాని మీద పడుతుంది. దెబ్బ తిన్నదానికి ఎందుకు తిన్నానో తెలియదు కాబట్టి రెండోదాన్ని చూస్తేనే బుసకొడుతుంది. అలా గొడవ రెండు వైపులా నిలిచిపోతుంది.

ఇప్పుడే రెండింటినీ వేరు గదుల్లో పెట్టండి. చేతులతో విడదీయకండి, మధ్యలో పెద్ద అట్టముక్కో దిండో అడ్డం పెట్టి ఒకదాన్ని గదిలోకి నెట్టండి. లైటు ఆర్పేసి, నీళ్ళు, మలమూత్రాలకు మట్టి తొట్టి పెట్టి కనీసం ఒక రోజు వదిలెయ్యండి. కొన్నింటికి నాలుగైదు రోజులు పడుతుంది. తర్వాత మూసిన తలుపుకు అటొకటి ఇటొకటి గిన్నె పెట్టి తినిపించండి, పడుకున్న గుడ్డలు మార్చండి. తలుపు దగ్గర బుస లేకుండా తింటున్నాయంటే, సందులోంచి ఐదు నిమిషాలు చూసుకోనివ్వండి. ‘పాపం, ఒంటరిగా ఉన్నాయి’ అని మొదటి రోజే కలపడం వల్లే ఎక్కువ ఇళ్ళల్లో ఈ గొడవ నెలల తరబడి సాగుతుంది.

బాల్కనీ అద్దానికి కింద నుంచి మూడడుగుల వరకు మంచు అద్దంలా కనిపించే ఫిల్మ్ అంటించండి. అప్పటిదాకా పాత పేపరు చాలు. సజ్జా మీద అది కూర్చునే చోట పూలకుండీలు దగ్గరదగ్గరగా పేర్చవచ్చు, కింద ఎవరి మీదా పడకుండా వాటిని తీగతో కట్టాలి. పావురాల వల ఒక్కటే కట్టి ఊరుకోవద్దు. పిల్లి దాన్ని కొరికి దూరిపోగలదు.

ప్రశ్న: బయటి పిల్లి కరిచిన నాలుగో రోజుకు మా పిల్లి తోక మొదట్లో నిమ్మకాయంత వాపు వచ్చింది, తినడం లేదు. పసుపు రాశాం. జ్వరం మాత్ర ఇవ్వొచ్చా? (గుంటూరు)

జవాబు: వద్దు. మనుషులకిచ్చే పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్రకే ప్రాణం పోవచ్చు.

పిల్లి కోర సూదిలా దిగుతుంది. పైన చర్మం ఒకటి రెండు రోజుల్లో పూడుకుంటుంది, కోరతో పాటు లోపలికి వెళ్ళిన సూక్ష్మజీవులు అడుగున చీము పట్టిస్తాయి. పసుపు పైనే ఉంటుంది, కిందికి చేరదు. పశువైద్యులు గడ్డ కోసి, చీము తీసి, కడిగి యాంటీబయాటిక్ ఇస్తారు. ఇంట్లో పిండకండి, చీము మరింత లోపలికి పాకుతుంది. తోక మొదట్లో గాయమైందంటే మీ పిల్లి పారిపోతుండగా కరిచిందని అర్థం. ఎదురు తిరిగి పోట్లాడినవాటికి ఎక్కువగా మొహం మీద, ముందుకాళ్ళ మీద అవుతాయి. రేబిస్ టీకా వేయించారో లేదో డాక్టరుకు తప్పక చెప్పండి. కాటు ద్వారా పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ అనే వైరస్ కూడా వస్తుంది. దాని పరీక్ష వెంటనే చేయిస్తే బయటపడకపోవచ్చు, రెండు నెలలు ఆగి చేయించాలి.

ఇంకొక్క మాట. వేధింపుకు గురైన మగపిల్లి మాటిమాటికీ తొట్టెలోకి వెళ్ళి, ముక్కుతూ అరుస్తూ చుక్క కూడా పోయలేకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రం దారి మూసుకుపోయి ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది.

ప్రశ్న: బయటి పిల్లి వచ్చి గుమ్మం పక్కన, సోఫా కాలికి మూత్రం చిమ్మిపోతోంది. ఫినాయిల్‌తో కడిగినా మళ్ళీ అక్కడే. కలరా ఉండలు వేస్తే రాదంటున్నారు. నీలిరంగు నీళ్ళ సీసాలు పెట్టమంటున్నారు. (వరంగల్)

జవాబు: సీసాలతో ఏమీ కాదు. కలరా ఉండలు, ఫినాయిల్ పిల్లులకు హానికరం. కాళ్ళకు అంటినదాన్ని నాకి ఒంట్లోకి తీసుకుంటాయి, వాటి కాలేయం ఆ రసాయనాలను విరవలేదు. ఆ ఘాటుకు తన గుర్తు మరుగున పడిందని పిల్లి మళ్ళీ అక్కడే చిమ్మే అవకాశం కూడా ఉంది.

ఎంజైమ్ ఉన్న బట్టల సబ్బుపొడి ఒక వంతు, గోరువెచ్చని నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి ఆ చోట పది నిమిషాలు తడిగా ఉంచి కడగండి. మామూలు నీళ్ళతో మళ్ళీ కడిగి, పూర్తిగా ఆరాక సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. ఫర్నిచర్ పాలిష్ పోతుందేమో ముందు ఒక మూల చూసుకోండి. గోడకు రెండడుగుల ఎత్తు వరకు కడగాలి, మరక కిందికి కారినా అది చిమ్మేది పైకే. వానాకాలంలో పాత వాసన మళ్ళీ లేస్తే ఇంకోసారి కడగండి. మూత్రంలోని యూరిక్ ఆమ్లపు పలుకులు తేమకు తిరిగి వాసన కొడతాయి.

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. పక్కింటి పిల్లి మా క్యాట్ ఫ్లాప్‌లోంచి (పిల్లి రాకపోకలకు తలుపుకు పెట్టే చిన్న తలుపు) వచ్చేస్తోంది. (లెస్టర్)

జవాబు: పిల్లి చర్మం కింద పెట్టే మైక్రోచిప్‌ను చదివే ఫ్లాప్ పెట్టించండి, మీ పిల్లి చిప్ నంబరు నమోదైతే దానికే తెరుచుకుంటుంది. అయితే తలుపు మూసుకునేలోగా వెనకే ఇంకో పిల్లి దూరే వీలుంది. ఫ్లాప్ ఎదురుగా తిండి గిన్నె పెట్టకపోతే ఆ ఆశ తగ్గుతుంది. బయట రెండు వైపులా కుండీలు పెట్టి, మీ పిల్లి అడుగు పెట్టేముందు చాటు నుంచి చూసుకునేలా చెయ్యండి, కాపు కాసి కొట్టేది ఎక్కువగా అక్కడే. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి 20 వారాలు దాటిన పెంపుడు పిల్లులకు చిప్ తప్పనిసరి కాబట్టి, ఎవరిదో తెలియని పిల్లిని పశువైద్యుల దగ్గర స్కాన్ చేయించినా యజమాని దొరుకుతారు.

ప్రశ్న: పెరట్లోకి వచ్చే గండుపిల్లిని గోనెసంచిలో వేసి ఏరు దాటించి వదిలేస్తే పీడ పోతుందని మా ఊళ్ళో అంటున్నారు. (ఖమ్మం జిల్లా)

జవాబు: పోదు. కొన్ని మైళ్ళు నడిచి తిరిగొచ్చే పిల్లులున్నాయి. తిరిగి రాకపోతే తెలియని చోట తిండి దొరక్క, అక్కడి పిల్లుల చేతిలో చస్తుంది. ఖాళీ అయిన మీ పెరటికి ఇంకో గండుపిల్లి వస్తుంది, మీ పిల్లులకు కొట్లాట మొదటి నుంచి మొదలు. సంచిలో కుక్కి బాధపెట్టి తీసుకెళ్ళడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. విషం పెట్టి చంపినా, కాళ్ళు విరగ్గొట్టినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళ వరకు జైలు పడవచ్చు. వీధిపిల్లులకు కూడా వర్తించే 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు, ఆపరేషన్ చేసి పట్టిన చోటే వదలమంటున్నాయి.

ముందు మీ మండలంలోని పశువైద్యశాలలో అడగండి. పిల్లికి ఆపరేషన్ అక్కడ కుదరకపోతే ఖమ్మంలో ఎవరు చేస్తారో వాళ్ళు చెప్పగలరు. తీసుకెళ్ళేటప్పుడు బోను అడుగున పాత పేపర్లు పరిచి, రాత్రి నుంచి తిండి ఆపిన సంగతి, దాన్ని పట్టిన చోటు ఒక చీటీ మీద రాసి బోనుకు కట్టండి.