స్కిప్పింగ్ చేస్తే గర్భసంచి జారుతుందా?

ప్రశ్న: నా వయసు 38. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు, బరువు 74 కిలోలు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. వాకింగ్‌కు టైమ్ దొరక్క మా పాప తాడుతో స్కిప్పింగ్ మొదలుపెట్టాను. గర్భసంచి జారుతుందని అత్తయ్య వద్దంటున్నారు. గెంతుతుంటే నాలుగు చుక్కలు మూత్రం కూడా పడుతోంది. మానేయాలా?
– ఓ సోదరి, హనుమకొండ

జవాబు: పూర్తిగా మానక్కర్లేదమ్మా, కొన్నాళ్లు ఆపండి. మూత్రం సంగతి సిగ్గుపడకుండా రాశారు, చాలా సంతోషం. దీన్ని ఏళ్ల తరబడి దాచుకుని బాధపడే ఆడవాళ్లు ఎందరో. కాన్పులప్పుడు మూత్రాశయాన్ని, గర్భసంచిని కింద నుంచి మోసే కండరాలు సాగుతాయి. గెంతినా, గట్టిగా తుమ్మినా పొట్టలో ఒత్తిడి పెరిగి అవి పట్టు వదిలేస్తాయి. ఆ కండరాలకు మళ్లీ బలం తెప్పించొచ్చు. మూత్రం ఆపుకుంటున్నట్టుగా బిగించి, కొన్ని సెకన్లు పట్టి ఉంచి వదలండి. ఒక్కోసారి ఎనిమిది చొప్పున రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు చేయాలి. మూత్రానికి వెళ్లినప్పుడు మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయొద్దు.

అత్తయ్యగారి భయాన్ని కొట్టిపారేయను. కండరాలు గట్టిగా ఉంటే స్కిప్పింగ్‌తో గర్భసంచి జారదు. కానీ సాయంత్రానికి కింద బరువుగా అనిపించినా, ఏదో బయటికి వస్తున్నట్టున్నా తాడు ముట్టుకోకముందే గైనకాలజిస్టుకు చూపించుకోండి.

మీ షుగర్ ఇంకా ప్రీ డయాబెటిస్‌లోనే (షుగర్ వ్యాధికి ముందు దశ) ఉంది, వెనక్కి తిప్పే అవకాశం బాగా ఉంది. అమెరికాలో జరిగి 2002లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వ్యాధి ముప్పు 58 శాతం తగ్గింది. మీ లెక్కన అది ఐదు కిలోలు. ఈ మూడు నెలలూ భోజనం కాగానే ఇంట్లోనో మేడ మీదో పదిహేను నిమిషాలు నడవండి. తిన్నాక పెరిగే షుగర్‌ను కండరాలు వాడేసుకుంటాయి.

మూత్రం పడటం ఆగాక మళ్లీ తాడు పట్టండి. పాప తాడు మీకు పొట్టి. తాడు మధ్యలో కాలు పెట్టి పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి. అంగుళం ఎత్తు ఎగిరితే చాలు, మునివేళ్ల వైపు మెత్తగా దిగండి. షూ వేసుకోండి, ఉత్త సిమెంటు మీద వద్దు. మొదట 20 సెకన్లు గెంతి 40 సెకన్లు ఆగండి, అలా ఐదుసార్లు, రోజు విడిచి రోజు. ఆయాసం రెండు వారాల్లో తగ్గుతుంది గానీ మడమ వెనక కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ (టెండాన్) అలవాటు పడటానికి నెలలు పడుతుంది. అందుకే తొందరపడొద్దని అంత గట్టిగా చెబుతున్నాను. మీ బరువుకు ఆగకుండా పది నిమిషాలు గెంతితే సుమారు వంద కేలరీలు ఖర్చవుతాయి, అంటే దాదాపు రెండు ఇడ్లీలు. కాబట్టి రాత్రి అన్నం కూడా తగ్గించాల్సిందే. గెంతులు ఎముకలకూ బలమే, నెలసరి ఆగకముందే ఆ బలం కూడబెట్టుకోవాలి.

మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకోండి. గెంతేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా ఆపేసి అదే రోజు డాక్టర్‌ దగ్గరికి వెళ్లండి. కూర్చున్నా ఛాతీ నొప్పి తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.