రైతు ప్రశ్న – జవాబు: ఇంకో బోరు వేయమంటారా?

ప్రశ్న: మాది వర్ధన్నపేట దగ్గర ఊరు. మూడెకరాల పొలం ఉంది. అందులో రెండెకరాలు చల్క (ఎర్ర ఇసుక నేల), ఒక ఎకరం రేగడి. ఉన్నది ఒకటే బోరు. పోయిన యాసంగిలో రెండెకరాల వరి నాటితే పొట్ట దశలో నీళ్లు చాలక చల్కలో వేసినదంతా ఎండిపోయింది, పశువులకు వదిలేశాం. ఫిబ్రవరిలో 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి రెండు నిమిషాలు పట్టింది. 600 అడుగులు వేస్తే నీళ్లకు కొదవ ఉండదని బోరు బండి వాళ్లు అంటున్నారు. మా ఆవిడ మాత్రం మెడలోది తాకట్టు పెట్టనివ్వనంటున్నది. ఏం చేయాలి?

జవాబు: మెడలోది మెడలోనే ఉండనివ్వండి. మీ ఇంట్లో నీటి లెక్క తెలిసిన మనిషి ఆమే.

డ్రమ్ము కొలత రాసి పంపినందుకు సంతోషం. చాలామంది ‘రెండించుల నీళ్లు’ అని రాసి ఊరుకుంటారు, దానితో ఏ లెక్కా తేలదు. మీ బోరు గంటకు 6,000 లీటర్లు పోస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే 48,000. వంద రోజులకు 48 లక్షల లీటర్లు. యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరానికి లెక్కేస్తే అదీ 48 లక్షల లీటర్లే. అంటే మీ బోరుకు ఒక్క ఎకరం వరి సరిపోతుంది, మీరు రెండు నాటారు. పైగా చల్క నేల, పెట్టిన నీరు పెట్టినట్టే కిందికి దిగిపోతుంది.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక, ఆటో స్టార్టరు పెట్టి రాత్రంతా మోటారు నడిపితే సరిపోతుందనుకున్నవాళ్లు ఎందరో. కరెంటు పెరిగినంత మాత్రాన నీళ్లు పెరగవు. మీ వైపు కింద ఉన్నది గట్టి రాయి. నీరు నిలిచేది పైనున్న మెత్తబడిన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి. 600 అడుగుల్లో నీరు పడదని నేననను. కానీ పడకపోయినా బండి వాళ్లకు అడుగుల లెక్కన డబ్బు ముడుతుంది, ఆ సలహా వినేటప్పుడు ఈ సంగతి మరవకండి.

వచ్చే యాసంగికి నేనైతే ఇలా వేస్తాను. రేగడిలో 20 గుంటలు, అంటే అర ఎకరం మాత్రం తిండి గింజలకు వరి. అడుగు పొడవు, అర అడుగు వెడల్పున్న ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకుని, కింది సగానికి రంధ్రాలు వేసి, ఆ సగాన్ని మడిలో దిగేసి లోపలి మట్టి తీసేయండి. నాటిన రెండు వారాల తర్వాత నుంచి, పైపులో నీరు నేల మట్టం కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే తడి ఇవ్వండి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం మడి ఆరనివ్వకూడదు. ఈ పద్ధతిలో 30 శాతం దాకా నీరు మిగులుతుంది. పక్క రైతులు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మిగిలిన 20 గుంటల రేగడి వానకాలం పంట తీశాక ఖాళీగా ఉంటే, అక్టోబరులో పదును పోకముందే శనగ వేయండి. రెండెకరాల చల్కలో నువ్వులు. జగిత్యాల, నిజామాబాద్ వైపు యాసంగిలో ఇది కొత్త పంటేమీ కాదు. జనవరి రెండో పక్షంలో విత్తితే మూడు నెలల్లోపు చేతికొస్తుంది. నీటి అవసరం వరిలో నాలుగో వంతు, అంటే రెండెకరాలకు 24 లక్షల లీటర్లు. వరి 20 గుంటలు కలుపుకున్నా మీ 48 లక్షలు దాటదు. మక్కజొన్న వేయొచ్చు గానీ కోతులకూ అడవి పందులకూ కాపలా ఎవరు కాస్తారు?

ప్రశ్న: చల్కలో చెరువు పూడిక మట్టి తోలితే లాభమేనా?

జవాబు: చల్కకు లాభమే. ఆ బంక మట్టి తేమను పట్టి ఉంచుతుంది, తడికీ తడికీ మధ్య ఎడం పెరుగుతుంది. రేగడిలో మాత్రం తోలకండి, అక్కడ బంక ఇప్పటికే ఎక్కువ. ఎండాకాలంలో చెరువు ఎండగానే తోలి, తొలి వానకు ముందే పొలమంతా సమంగా పరిచి దున్నండి. ట్రాక్టర్లు మాట్లాడుకునే ముందు ఆ మట్టిని పరీక్ష చేయించండి. చౌడు ఉన్న మట్టి ఒకసారి పొలంలో పడితే తీయడం తోలినంత సులువు కాదు.