స్టీల్ ప్లాంట్ ఏమవుతుందో తెలియదు, అబ్బాయిని మెటలర్జీలో చేర్చమంటారా?

ప్రశ్న: నేను వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో ఇరవై ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. మాది నిర్వాసిత కుటుంబం, మా నాన్నగారికి భూమి పోయినందుకు ఇచ్చిన ఆర్ కార్డు (నిర్వాసితుల కార్డు) మీద నాకు ఉద్యోగం వచ్చింది. అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు, ఈఏపీసెట్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది. వాడు మెటలర్జీ, అంటే లోహాల ఇంజినీరింగ్ చదువుతానంటున్నాడు. నేనేమో మళ్లీ వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) ఇస్తే తీసుకుని, ఆ డబ్బుతో మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ ఏఐ (కంప్యూటర్ సైన్స్, కృత్రిమ మేధ) సీటు కొందామనుకుంటున్నాను. మా వైపు నాయకుడొకరు ఢిల్లీ వెళ్లి గట్టిగా అడిగి వచ్చారు. ప్లాంటుకు ఏమీ కాదంటున్నారు. ఆ మాట నమ్మి మెటలర్జీకి పంపవచ్చా? రెండు బ్రాంచ్‌లూ పోల్చి చెప్పగలరు.

జవాబు: బ్రాంచ్ గురించి అడిగారు గానీ, మీ ఉత్తరం నిండా ఉన్నది ప్లాంటే. 2021 జనవరి 27న నూటికి నూరు శాతం వాటాలు అమ్మేస్తామని కేంద్రం నిర్ణయం తీసుకున్నప్పటి నుంచీ ఈ ప్రశ్న నా దగ్గరకు వస్తూనే ఉంది. ఉక్కునగరం క్వార్టర్స్ నుంచి, అగనంపూడి నుంచి, పెదగంట్యాడ నుంచి. కోర్సు పేరు మారుతుంది, లోపలి భయం మాత్రం అదే. మా నాన్న భూమి ఇచ్చాడు, నా వయసంతా ఇక్కడే గడిచింది, నా కొడుక్కి ఏం మిగులుతుంది అని. ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

నాయకుల మాట నమ్మవచ్చా అన్నారు. వాళ్లు ఒత్తిడి తేవడం వల్ల ఏమీ జరగదని నేను అనను. 2021లో టీడీపీ నాయకుడు పల్లా శ్రీనివాసరావు గారు గాజువాకలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. గంటా శ్రీనివాసరావు గారు ఎమ్మెల్యే పదవికి రాజీనామా ఇచ్చారు. కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో మీ సహోద్యోగులు ఎండలో, వానలో రిలే దీక్షలు చేశారు. అమ్మకం ఆగింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అడిగేవాళ్లు లేకపోతే అది వచ్చేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. కానీ ఆ డబ్బు ప్లాంటు అప్పుల నుంచి, నష్టాల నుంచి బయటపడి ఊపిరి పీల్చుకోవడానికి. మొదటి నుంచీ అడుగుతున్న సొంత ఇనుప గనులు ఆ ప్యాకేజీలో లేవు. కొత్త ఉద్యోగాలూ లేవు. పైగా గత ఏడాది రెండేళ్లలో ఎంతమంది కాంట్రాక్ట్ కార్మికులను గేటు బయటకు పంపారో నాకన్నా మీకే బాగా తెలుసు.

ప్లాంటు నిలబడటం వేరు, అందులో మీ అబ్బాయికి ఉద్యోగం రావడం వేరు. తండ్రులందరూ ఈ రెండింటినీ ఒకటిగా చూస్తున్నారు. నాయకుడు ప్లాంటుకు ఏమీ కాదు అన్నప్పుడు మీ చెవికి మీవాడికి ఉద్యోగం వస్తుంది అని వినిపిస్తోంది. ఆయన ఆ మాట అనలేదండీ. అనడానికి ఆయన చేతిలోనూ లేదు. రేపు గనులు వచ్చి, ఇనుము కరిగించే మూడు బ్లాస్ట్ ఫర్నేసులూ నిండుగా నడిచి, లాభాలు వచ్చినా, మీ నాన్నగారి కాలంలో తీసుకున్నట్టు వేలల్లో మనుషుల్ని తీసుకోరు. ఈసారి ఏ నాయకుడైనా మీటింగ్ పెడితే చేయి ఎత్తి ఒక్క మాట అడగండి: శాశ్వత నియామకాల నోటిఫికేషన్ ఎప్పుడు? దానికి కాగితం మీద వచ్చిన జవాబునే లెక్కలోకి తీసుకోండి.

ఇంకో లెక్క కూడా చూడండి. విశాఖ ఉక్కు కోసం అమృతరావు గారు నిరాహార దీక్ష చేసింది 1966లో. కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయిందీ ఆ ఏడాదే. శంకుస్థాపన 1971లో జరిగింది. ప్లాంటును జాతికి అంకితం చేసింది 1992లో. ఆ ఉద్యమంలో జెండా పట్టుకున్న పదిహేడేళ్ల కుర్రాడికి అప్పటికి 43 ఏళ్లు వచ్చేశాయి. ఆ పోరాటం ఫలించింది, లక్షల మందికి అన్నం పెట్టింది. కానీ ఆ కుర్రాడు తన చదువును దాని కోసం ఆపుకుని కూర్చుంటే ఏమయ్యేవాడు? ప్రభుత్వాలు కదలడానికి పట్టే కాలం వేరు, ఇంటర్ పాసైన పిల్లాడి కాలం వేరు. మీరు శిబిరానికి వెళ్లండి, వెళ్లాలి కూడా. సీటు విషయం మాత్రం ఢిల్లీ కబురు మీద పెట్టకండి.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమనుకోకండి. వీఆర్‌ఎస్ తీసుకుని ఆ డబ్బుతో సీటు కొంటానన్నారు. మీకు ఇంకా సర్వీసు ఉంది. ఆ డబ్బు మీకు, మీ ఆవిడకు ముసలితనంలో కూడు, మందులు. దాన్ని తీసుకెళ్లి, వాడు అడగని బ్రాంచ్ కోసం కాలేజీ వాళ్ల చేతిలో పోస్తారా? నాలుగేళ్ల తర్వాత ఉద్యోగం రాకపోతే వాడు మీ ముఖం ఎలా చూడాలి? నా ఉద్యోగం వదులుకుని చదివించాను అన్న మాట మీరు నోరు తెరిచి అనకపోయినా వాడికి వినిపిస్తూనే ఉంటుంది. ఇలాంటి పిల్లలు నా ముందు కూర్చుని ఏడ్చారు. తండ్రులు బయట బెంచీ మీద కూర్చుని ఉంటారు, వాళ్లకు తెలియదు. ఇంకోటి, రోజూ అన్నం దగ్గర ఇక మన పని అయిపోయింది, ప్లాంటు మూసేస్తారు అని అంటున్నారా? అంటూ ఉంటే దయచేసి మానేయండి. మీ టెన్షన్ నిజమైనదే. దాన్ని మోసే వయసు వాడిది కాదు.

సీఎస్‌ఈ ఏఐ సంగతి. విశాఖకు గూగుల్ డేటా సెంటర్ వస్తోంది, టీసీఎస్ వస్తోంది, కాబట్టి కంప్యూటర్లే చదివించాలని ఈ ఏడాది ప్రతి తండ్రీ అంటున్నాడు. నాకు ఇందులో చాలా అనుమానాలున్నాయి. డేటా సెంటర్ అంటే వందల మంది కూర్చుని ప్రోగ్రాములు రాసే ఆఫీసు కాదు. అది కరెంటుతో, చల్లదనంతో నడిచే పెద్ద షెడ్డు. కట్టేశాక అందులో కావలసింది ఎలక్ట్రికల్ వాళ్లు, కూలింగ్ చూసే మెకానికల్ వాళ్లు, నెట్‌వర్క్ టెక్నీషియన్లు, అదీ కొద్దిమందే. టీసీఎస్ సంగతి చూస్తే, 2025 జూలైలో దాదాపు 12 వేల మందిని తగ్గిస్తున్నట్టు ఆ కంపెనీయే ప్రకటించింది. అందులో ఎక్కువ మంది మధ్య, పై స్థాయి వాళ్లు. మరోవైపు ఒక బ్రాంచ్‌లో ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2024లో ఎత్తేసింది. కాలేజీలు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించుకుని సీఎస్‌ఈ సెక్షన్లు పెంచుకుంటూ పోయాయి. అంతమందికి చెప్పే టీచర్లు ఎక్కడి నుంచి వస్తారు? నిన్న పాసైనవాళ్లే ఇవాళ పాఠం చెప్తున్న కాలేజీలు ఉన్నాయి. బోర్డు మీద ఏఐ అని ఉంటుంది, లోపల ల్యాబ్ చూడండి. మంచి కాలేజీలో, లెక్కలంటే నిజంగా ఇష్టమున్న పిల్లాడికి సీఎస్‌ఈ ఇప్పటికీ మంచి చదువే. ఓ మాదిరి ర్యాంకుతో, డొనేషన్ కట్టి, ఇష్టం లేకుండా చేరే పిల్లాడికి మాత్రం నేను ఇప్పించను.

మెటలర్జీ అంటే మీ కళ్ల ముందు మీ ప్లాంటు ఒక్కటే కనిపిస్తోంది. వాడికి అలా కనిపించనక్కర్లేదు. లోహం ఎక్కడుంటే అక్కడ ఈ చదువుకు పని ఉంది. హైదరాబాద్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ, రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉన్నాయి. మన ఊళ్లోనే షిప్‌యార్డు, బీహెచ్‌ఈఎల్, తుప్పు పట్టకుండా పైపులను కనిపెట్టుకుని ఉండే వాళ్లు కావలసిన రిఫైనరీ ఉన్నాయి. ఫౌండ్రీలు, ఫోర్జింగ్ యూనిట్లు, వాహనాల కంపెనీలు సరేసరి. బొగ్గు తగ్గించి హైడ్రోజన్‌తో ఉక్కు తీయడం మీద ప్రపంచమంతా పని జరుగుతోంది. ఎగుమతి చేసే ఉక్కులో కార్బన్ లెక్క చూసి యూరప్ సుంకం వేస్తోంది కాబట్టి మన కంపెనీలకూ తప్పదు. ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. సీట్లున్న కాలేజీలు తక్కువ. క్యాంపస్‌కు వచ్చే కంపెనీలు తక్కువ. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ స్నేహితుడి కన్నా తక్కువ ఉండవచ్చు. ఒడిశా, జార్ఖండ్, బళ్లారి వైపు వెళ్లి షిఫ్టులు చేయాల్సి రావచ్చు. అమ్మానాన్నల దగ్గరే ఉండాలి అనుకునేవాడికి ఇది కుదరదు.

పోల్చి చెప్పమన్నారు. నా సలహా మీవాడికి మాత్రమే, అందరికీ కాదు. కన్వీనర్ కోటాలో ప్రభుత్వ కాలేజీలో గానీ, పేరున్న కాలేజీలో గానీ మెటలర్జీ వస్తే చేరనివ్వండి. రాకపోతే మెకానికల్ గానీ ఎలక్ట్రికల్ గానీ తీసుకోమనండి. వాటితో ఉక్కు వైపూ వెళ్లవచ్చు, డేటా సెంటర్ వైపూ వెళ్లవచ్చు. ఏ బ్రాంచ్‌లో చేరినా పైథాన్ నేర్చుకోవాలి. చాలా కాలేజీల్లో కంప్యూటర్స్ మైనర్ డిగ్రీగా చేసే వీలుంది. మూడో ఏడాది నుంచి గేట్ అనే జాతీయ పరీక్షకు చదివితే పబ్లిక్ రంగ సంస్థల దారి, ఎంటెక్ దారి రెండూ తెరుచుకుంటాయి. మీరు ఉద్యోగంలోనే ఉంటే, జీతంలో దాచుకున్నది అప్పటి కోచింగ్‌కో, ఎంటెక్‌కో అక్కరకు రావచ్చు. 

కాస్త ధైర్యంగా ఉండండి. పొలం పోయిన ఇంట్లోంచి మీరు ప్లాంటు ఉద్యోగి అయ్యారు. ఆ రోజు మీ నాన్నగారికి ఉన్న భయం మీ భయం కన్నా పెద్దది. ఆయన చేతిలో ఒక కార్డు ముక్క తప్ప ఏమీ లేదు. మీ అబ్బాయి చేతిలో ఇంటర్ ఉంది, ర్యాంకు ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా ఫలానాది చదువుతానని వాడికై వాడు చెప్పిన మాట ఉంది. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో పదిమందిలో ఎనిమిది మంది ఆ మాట చెప్పలేరు, నాన్న ఏదంటే అది అంటారు.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒకసారి వాడిని తీసుకురండి. మెటలర్జీ ఎందుకో వాడి నోటితోనే వింటాను. మొదటి పావుగంట మాత్రం మీరు బయటే కూర్చోవాలి.