రిక్సియాతో మొదలుపెట్టు, దాన్ని మొదటి మెట్టు మాత్రం అనకు

శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

కాలేజీలో చేరగానే బ్రయోఫైటా (మాస్‌లు, లివర్‌వర్ట్‌ల లాంటివి), టెరిడోఫైటా (ఫెర్న్‌లు, వాటి చుట్టాలు) పాఠాలు నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సీనియర్లు వద్దనుకున్నవి నీ నెత్తిన పడ్డాయని బాధపడుతున్నావట. బాధపడకు. వృక్షశాస్త్రం మొత్తంలో నేను అన్నిటికన్నా ఇష్టపడి చెప్పిన పాఠాలు అవే. ఎలా చెప్పమంటావని అడిగావు కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

ముందు జీవితచక్రం బొమ్మ సంగతి. పుస్తకంలో గుండ్రంగా బాణాలు వేసి ఉంటుంది. పిల్లలు దాన్ని కంఠతా పట్టి, పరీక్షలో దించేసి, హాలు దాటగానే మరిచిపోతారు. మొదటి రోజు ఆ బొమ్మ వెయ్యకు. ఏ మొక్క చేతికిచ్చినా మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చెయ్యి. క్షయకరణ విభజన (క్రోమోజోముల సంఖ్య సగమయ్యే విభజన) ఎక్కడ జరుగుతోంది? ఎవరి తిండి ఎవరు తింటున్నారు? పురుషబీజం ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఈదాలి? ఈ మూడూ తేలితే చక్రం వాళ్ళే గీసుకుంటారు.

అసలు ఒకే మొక్క జీవితంలో రెండు తరాలు ఎందుకొచ్చాయన్నది శైవలాల (నీటి నాచుల) దగ్గర మొదలుపెట్టి చెప్పు. నేలమొక్కలకు దగ్గరి చుట్టాలైన మంచినీటి ఆకుపచ్చ శైవలాల్లో సంయుక్తబీజం (ఫలదీకరణతో ఏర్పడే కణం) తిన్నగా క్షయకరణ విభజనకు పోతుంది. ద్వయస్థితికంగా (రెండు సెట్ల క్రోమోజోములతో) ఉండేది ఆ ఒక్క కణమే. నేలమీదికి వచ్చిన మొక్క ఈ విభజనను వాయిదా వేసింది. ముందు సమవిభజనలతో ఒక శరీరం కట్టుకుని, ఆ తరవాతే సిద్ధబీజాలు (స్పోర్లు) తయారుచేసింది. ఆ కొత్త శరీరమే స్పోరోఫైట్. సిద్ధబీజం నుంచి మొలిచి, పురుషబీజాలూ అండాలూ చేసే తరం గామిటోఫైట్. దీనివల్ల లాభమేమిటి? పురుషబీజం ఈదడానికి నీటిపొర కావాలి, నేలమీద అది ఎప్పుడో గాని దొరకదు. దొరికిన ఆ ఒక్కసారి జరిగిన ఒకే ఒక్క ఫలదీకరణం నుంచి వందల వేల సిద్ధబీజాలు రాలితే ఎంత కలిసొస్తుందో చూడు. శైవలాల్లో సంయుక్తబీజం చుట్టూ ఉండే స్పోరోపొలెనిన్ అనే గట్టి పదార్థపు గోడ ఇక్కడ సిద్ధబీజం చుట్టూ చేరింది. ఎండకూ గాలికీ తట్టుకున్నది అందుకే. అర్జెంటీనా రాళ్ళలో దొరికిన సుమారు 47 కోట్ల ఏళ్ళ నాటి సిద్ధబీజాలు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయంటే ఆ గోడ చలవే. వాటిని కన్న మొక్క ఒంటి ముక్క కూడా అంత పాత రాళ్ళలో దొరకలేదు.

ఇక రిక్సియా అనే లివర్‌వర్ట్. వానలు పడ్డాక కాలేజీ గ్రౌండ్ అంచున, పొలం గట్టున, తడి మట్టికి అంటుకుని రూపాయి బిళ్ళంత పచ్చటి గుత్తులు కనిపిస్తాయి. రెండేసిగా చీలుతూ పోయిన చిన్న చిన్న పాయలు, పాయ నడుమ ఒక గాడి. సీజను చివరికి ఆ గాడి వెంట నల్లటి చుక్కలు తేలతాయి. కొత్త బ్లేడుతో ఆ చుక్క మీదుగా పలచటి ముక్క కోయించు. లోపల ఒక గుండ్రటి సంచి, దాన్నిండా సిద్ధబీజాలు. పాదం లేదు, కాడ లేదు. సంచికి ఉండాల్సిన ఒంటి వరస గోడ కూడా సిద్ధబీజాలు ముదిరేలోపే కరిగిపోతుంది. మిగిలేది తల్లి కణజాలపు తొడుగు మాత్రమే. ఆ థాలస్ (మొక్క చదునైన ఒళ్ళు) కుళ్ళి మట్టిలో కలిస్తే తప్ప సిద్ధబీజాలు బయటపడవు. పిల్లల్ని మైక్రోస్కోపు దగ్గర తొందరపెట్టకు. స్పోరోఫైట్ అంటే తల్లి చంక దిగని బిడ్డ అని వాళ్ళకు అర్థమయ్యేది అక్కడే.

సిలబస్‌లో ఏటా వచ్చే ప్రశ్న నీకు తెలుసు, బ్రయోఫైటాలో స్పోరోఫైట్ పరిణామం. రిక్సియాలో సంచి ఒక్కటే, మార్కాన్షియాలో పాదం, కాడ, సిద్ధబీజాలను చెదరగొట్టే ఎలేటర్లు చేరాయి, ఆంథోసిరాస్‌లో మధ్యస్తంభం వచ్చింది, ఫ్యునేరియా అనే మాస్‌లో సంచి నోటి చుట్టూ రెండు వరసల పళ్ళు, ఒక్కో వరసలో 16. సిద్ధబీజాలు కావలసిన కణాలు అంచెలంచెలుగా వంధ్యమవుతూ (సిద్ధబీజాలు ఇవ్వకుండా పోతూ) వచ్చాయన్నది గ్లాస్గోలో పనిచేసిన బోవర్ వాదన. చెప్పడానికి సుళువు, వినడానికి అందం. అందుకే పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. కానీ ఆ నిచ్చెనకు మొదటి మెట్టుగా రిక్సియాను పెట్టడం సరికాదు. లాహోర్‌లో పనిచేసిన శివరామ్ కశ్యప్ గారు పశ్చిమ హిమాలయాల లివర్‌వర్ట్‌లను ఏళ్ళ తరబడి పరిశీలించి, ఈ గుంపులో సరళత అన్నది క్షీణించడం వల్ల వచ్చిందని ఎప్పుడో వాదించారు. ఇప్పటి డీఎన్ఏ వంశవృక్షాలు రిక్సియాను మార్కాన్షియా బంధువుల గుంపు లోపలే, బాగా పైకొమ్మన కూర్చోబెడుతున్నాయి. దానికి కాడ లేకపోవడం పాతదనం కాదు, పోగొట్టుకోవడం. వాన తగ్గేలోపు బతుకు ముగించాల్సిన మొక్కకు కాడ పెంచుకునే తీరిక ఎక్కడిది అనిపిస్తుంది నాకు.

అలాగని పిల్లల మార్కులు పోనివ్వకు. బోవర్ పేరు పెట్టి, ఇది ఆయన సిద్ధాంతం అని నిచ్చెన మొత్తం రాయించు. చివర్లో కశ్యప్ వాదన ఒక వాక్యం, వంశవృక్షాల మాట ఇంకో వాక్యం చేర్పించు. దిద్దేవాళ్ళు ఎంత పాతకాలం వాళ్ళయినా దానికి మార్కులు తగ్గించరు.

ఆంథోసిరాస్‌ను మాత్రం స్లైడుతో సరిపెట్టకు. వానాకాలంలో పడమటి కనుమల వైపు టూరు పెట్టించగలిగితే బతికున్నది చూపించు. కొమ్ములా నిలబడ్డ స్పోరోఫైట్ పైనుంచి రెండుగా చీలుతూ సిద్ధబీజాలు వదులుతుంటే, అడుగున విభాజ్య కణజాలం (కొత్త కణాలు పుట్టించేది) ఇంకా పెరుగుతూనే ఉంటుంది. పచ్చగా ఉంటుంది, పత్రరంధ్రాలుంటాయి, కొంత తిండి తనే చేసుకుంటుంది. అది చూశాక రెండో ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదని పిల్లలే అంటారు.

ఇక్కణ్ణుంచి తిన్నగా ఫెర్న్‌లలోకి దూకకు. మధ్యలో రైనీ ఉంది. దానికి కనీసం రెండు క్లాసులు ఇవ్వు. స్కాట్లాండ్ ఆబర్డీన్‌షైర్‌లోని ఆ పల్లె దగ్గర విలియం మాకీ అనే డాక్టరు 1912 ప్రాంతంలో ఒక వింత చెకుముకి రాయిని గుర్తించాడు. అరగదీస్తే లోపల మొక్కల కాడలు, కణం కణం కనబడుతూ! వృక్షశాస్త్రవేత్తలు కిడ్‌స్టన్, లాంగ్ ఇద్దరూ 1917 నుంచి 1921 వరకు ఐదు వ్యాసాల్లో వాటిని వర్ణించారు. సుమారు 40.7 కోట్ల ఏళ్ళ కింద అక్కడ వేడినీటి ఊటలు ఉండేవి. ఆ నీటిలోని సిలికా మొక్కలు కుళ్ళేలోపే కణాల్లోకి దిగి గడ్డకట్టింది. అందుకే వేరే శిలాజాల్లో కనిపించనివన్నీ ఇందులో కనిపిస్తాయి. అగ్లావోఫైటాన్ అనే మొక్క కాడ లోపల, వేళ్ళతో కలిసి బతికే శిలీంధ్రాల జాతి ఒకటి అల్లుకుని ఉంటుంది, నేటి పంటమొక్కల వేళ్ళలో చూసే కొమ్మల గుత్తులే అచ్చంగా. ఆకుల్లేవు, వేళ్ళు లేవు, శిలీంధ్రం మాత్రం అప్పటికే తోడుంది!

ఆ అగ్లావోఫైటాన్‌నే పట్టుకో. స్పోరోఫైట్ జానెడు ఎత్తు లేచి, రెండేసిగా చీలి, కొమ్మల చివర సిద్ధబీజాశయాలు మోస్తుంది. మాస్‌లకు కొమ్మలేస్తే ఇలా ఉంటుందేమో. నీటిని మోసే కణాలు కూడా మాస్‌లవాటినే తలపిస్తాయి, గోడల మీద నాళాల మొక్కల దారుకణాలకు ఉండే మందపు పట్టీలు లేవు. ఎటు చేర్చాలో తెలియని మొక్క. మరి దాని గామిటోఫైట్ ఎక్కడ? కిడ్‌స్టన్, లాంగ్ వర్ణించినవన్నీ స్పోరోఫైట్‌లే. 1980లో జర్మనీలోని మ్యున్‌స్టర్ నుంచి రెమీ దంపతులు లయనోఫైటాన్ అనే చిన్న మొక్కను ప్రకటించారు. నిటారుగా నిలిచిన కాడ, కొసన గిన్నెలా విచ్చుకున్న భాగం, ఆ గిన్నెలో ఆంథరీడియాలు (పురుషబీజాల సంచులు). దాని కణజాలం పోల్చి చూస్తే అది అగ్లావోఫైటాన్ గామిటోఫైటే! తరవాత అదే రాయిలోని రైనియాకూ, హార్నియోఫైటాన్‌కూ, నోథియాకూ ఇలాంటి జోడీలు దొరికాయి. ఆ గామిటోఫైట్‌లకూ పత్రరంధ్రాలున్నాయి, నడుమ నీటిని మోసే పోగుంది. స్పోరోఫైట్‌కన్నా పొట్టివి, అంతే.

దీన్ని బోర్డు మీద రాసి, పిల్లల్ని ఒక నిమిషం చూస్తూ ఉండమను. మాస్‌లో గామిటోఫైట్ పెద్దది, ఫెర్న్‌లో స్పోరోఫైట్ పెద్దది, కాబట్టి మాస్‌నుంచి ఫెర్న్‌కు మెట్లెక్కాం అని వాళ్ళు అనుకుంటుంటారు. రైనీలో రెండు తరాలూ నేలమీద విడివిడిగా నిలబడి ఉన్నాయి. అంటే మాస్‌లు ఒక దారిన పోయి స్పోరోఫైట్‌ను తల్లిమీదే ఉంచుకున్నాయి, నాళాల మొక్కలు ఇంకో దారిన పోయి గామిటోఫైట్‌ను కుదించుకున్నాయి. మాస్‌లు, లివర్‌వర్ట్‌లు, ఆంథోసిరాస్ గుంపు మూడూ ఒకే కొమ్మకు చెందినవని, నాళాల మొక్కలు దాని పక్క కొమ్మ అని ఇటీవలి అధ్యయనాలు ఎక్కువగా చెబుతున్నాయి. ఒకటి రెండోదానికి తాత కాదు.

అంతకన్నా పాతదైన కుక్సోనియా దగ్గర కొంచెం జాగ్రత్త. లాంగ్ 1937లో దానికి ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఇసబెల్ కుక్సన్ పేరు పెట్టాడు. పుస్తకాలు దాన్ని స్వతంత్రంగా బతికిన మొక్కగా గీస్తాయి. కొన్నిటి కాడలు మరీ సన్నం. బయటిపొర, నడుమ నాళం పోను తిండి చేసే కణజాలానికి చోటు మిగలదని కెవిన్ బాయిస్ 2008లో లెక్కగట్టి చూపించాడు. అంటే అవి ఇంకా తల్లి గామిటోఫైట్ మీద ఆధారపడి ఉండొచ్చు. ఆ గామిటోఫైట్ శిలాజం ఇదేనని నిర్ధారణగా చెప్పగలిగింది దొరకలేదు. బొమ్మ కింద ఈ మాట రాయించు.

ఫెర్న్‌లకు వచ్చేసరికి మూడో ప్రశ్న కళ్ళముందు చూపించొచ్చు. పాత బావుల గోడల మీద టెరిస్ విట్టేటా అనే ఫెర్న్ ఉంటుంది. ఆకు అంచున గోధుమరంగు తిరిగిన కొసలు తెచ్చి రాత్రంతా కాగితం మధ్య పెట్టు, పొద్దున్నకి గోధుమరంగు పొడి రాలుతుంది. ఇటుక ముక్కను నీళ్ళలో ఉడకబెట్టి, చల్లారాక దాని మీద ఆ పొడి కొంచెం చల్లి, గాజు పాత్ర బోర్లించి, కిటికీ దగ్గర ఎండ తగలని చోట ఉంచు. పొడి ఎక్కువ చల్లితే ఒకదాన్నొకటి తొక్కుకుని ఏదీ పెరగదు. అడుగున నీళ్ళు ఆరనివ్వకు. కొన్ని వారాలకు గోరంత కూడా లేని హృదయాకారపు రేకులు వస్తాయి. పై నుంచి నీళ్ళు పొయ్యకు, అడుగునుంచే తడవనివ్వు. అప్పుడు ఆంథరీడియాలు పగలకుండా నిండి ఉంటాయి. ప్రాక్టికల్ రోజున ఒక రేకును తిరగేసి నీటిబొట్టులో పెట్టి చూపిస్తే, కాసేపట్లో స్ప్రింగులా మెలితిరిగిన పురుషబీజాలు గిరగిరా తిరుగుతూ బయటికి ఈదుతాయి. కొన్ని ఫెర్న్‌లు ఫలదీకరణం లేకుండానే రేకునుంచి స్పోరోఫైట్‌ను మొలిపిస్తాయి. ఆర్కిగోనియాలు (అండం ఉండే కూజాలు) ఎంత వెతికినా కనబడకపోతే ఆ సంగతీ క్లాసులో చెప్పు.

మైక్రోస్కోపులు తక్కువుంటే పిల్లల్ని నలుగురేసి కూర్చోబెట్టి, ఇటుకలు జూన్ నెలాఖరుకే చల్లి ఉంచు. సెప్టెంబరు ప్రాక్టికల్స్‌కు అందుతాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ