రాత్రి తొమ్మిదిన్నర కాల్

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ లీడ్‌గా పనిచేస్తున్నాను. ఉదయం పదింటికల్లా ఆఫీసులో ఉంటాను. కాలిఫోర్నియా క్లయింటుతో కాల్ రాత్రి తొమ్మిదిన్నరకు మొదలై ఒక్కోసారి పదకొండు దాటుతుంది. పగలంతా మెసేజ్‌లకూ మీటింగులకూ సరిపోయి, నేను కూర్చుని చేయవలసిన పని రాత్రికి మిగులుతోంది. పొద్దున రాసుకున్న పనుల జాబితా సాయంత్రానికి ఇంకా పెరుగుతోంది. ఈమధ్య ఫోన్ మోగితే చాలు, గుండె దడ. సమయపాలన నాకు చేతకాదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: ముందుగా గుండె దడ సంగతి. అది ఒత్తిడి వల్లనే అని మనమే తీర్మానించుకోకూడదు. రక్తహీనత, థైరాయిడ్ సమస్య ఉన్నా దడ రావచ్చు కనుక ఈ వారంలోనే వైద్యుణ్ణి కలవండి. మనసు మరీ కుంగినట్లనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మీ అనుమానంతో నేను ఏకీభవించను. ఉదయం పది నుంచి రాత్రి పదకొండు వరకు, అంటే పదమూడు గంటలపాటు ఆఫీసుకు అందుబాటులో ఉండే మనిషి ఎంత చక్కటి జాబితా రాసుకున్నా ఆ పనిగంటలు తగ్గవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఆమోదించిన తన వ్యాధుల వర్గీకరణలో ‘బర్నవుట్’ను, అంటే పనితో పూర్తిగా అలసిపోవడాన్ని, జబ్బుగా లెక్కించకుండా, సరిగా సంబాళించని పని ఒత్తిడి నుంచి పుట్టే స్థితిగానే పేర్కొంది. అందువల్ల సరిచేయవలసినది ముందు పని ఏర్పాటు.

పై అధికారితో మాట్లాడక తప్పదు, కానీ ‘ఒత్తిడిగా ఉంది’ అన్న ఒక్క మాటతో వెళ్లకండి. రెండు వారాలపాటు చిన్న నోటుబుక్కులో ‘10:40, బిల్డ్ ఆగిందని పిలిచారు, 10:55, పాత రిపోర్టు ఎక్కడుందని అడిగారు’ అన్నట్లుగా ప్రతి అంతరాయాన్నీ రాసి, వాటిలో నిజంగా మీరే చూడవలసినవి ఎన్నో లెక్కపెట్టండి. ఆ కాగితం ముందుపెట్టి, రాత్రి కాల్‌ను ముగ్గురు వంతులవారీగా తీసుకోవాలనీ, కాల్ ఉన్న మర్నాడు మధ్యాహ్నం నుంచే రావడానికి అనుమతి కావాలనీ అడగండి. ఈ మాట నవంబరుకు ముందే తేలాలి. ఆ నెల మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. కనుక మీ తొమ్మిదిన్నర కాల్ మార్చి రెండో ఆదివారం దాకా పదిన్నరకు జరుగుతుంది.

పగటి పూట పది నుంచి పన్నెండు వరకు చాట్ మూసేసి, అత్యవసరమైతే ఫోన్ చేయమని టీమ్‌కు చెప్పండి. అడిగిన నిమిషంలో జవాబిచ్చేవారినే అందరూ అడుగుతారు. కొన్నేళ్లు ఆ పొరపాటు నేనూ చేశాను.

సగంలో ఆగిన పనులే మనసులో మెదులుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లో రాశారు. తర్వాతి ప్రయోగాలన్నీ దాన్ని బలపరచలేదు గానీ, పని ముగించి సీటులోంచి లేచే ముందు ‘రేపు ఈ ఫైలులో మూడో పట్టిక నుంచి’ అని ఒక్క వాక్యం రాసిపెట్టుకుంటే రాత్రి పడక మీద ఆ పట్టిక గుర్తురావడం తగ్గుతుందని నా అనుభవం.

వంతుల పద్ధతి మొదలైతే తొలి రెండు మూడు కాల్స్‌లో మీ జూనియర్లు తడబడతారు. అప్పుడు ఇంట్లోంచి మీరు లాగిన్ కాకండి.