లవం చూశారు, హారం చూశారా?

ప్రశ్న: ఎం.ఏ. సోషియాలజీ చదువుతున్నాను. ‘అమెరికాలో జాతుల వారీగా కుటుంబాలు’ మీద సెమినార్ ఇవ్వాలి. నల్లజాతి పిల్లల్లో 100కి 70 మంది పెళ్లికాని తల్లులకే పుడుతున్నారని, అది వాళ్ల సంస్కృతి అని క్లాసులో అన్నారు. అలాగే రాయొచ్చా? మన జిల్లాతో ఎలా పోల్చాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: సుమారు 70 అన్నది నిజమే. తెల్లవాళ్లలో అది 28 దాకా, ఆసియా వాళ్లలో 12 దాకా ఉంటుంది. కానీ ఈ శాతానికి లవం పెళ్లికాని తల్లుల కాన్పులు, హారం మొత్తం కాన్పులు. పెళ్లిళ్లు తగ్గి, పెళ్లయినవాళ్లు కనడమూ తగ్గితే హారం చిక్కిపోతుంది, శాతం దానంతటదే పెరుగుతుంది. జరిగింది చాలావరకు అదే. పెళ్లికాని 1,000 మంది నల్లజాతి స్త్రీలకు పుట్టే పిల్లల సంఖ్య 1970 కంటే ఇప్పుడు తక్కువ. ఈ రెండో అంకె చూపకుండా ‘సంస్కృతి’ అంటే ఆ తల్లుల మీద నింద వేసినట్టే.

విడాకుల లెక్కలోనూ ఇదే చిక్కు. ఊహకు రెండు గుంపులు తీసుకోండి, ఒక్కోదాంట్లో 1,000 మంది స్త్రీలు. మొదటిదాంట్లో 500 మంది కాపురాల్లో ఉన్నారు, ఏడాదికి 10 విడాకులు. రెండోదాంట్లో 300 మందే, 9 విడాకులు. మొత్తం స్త్రీల మీద లెక్కేస్తే రెండోదే నయం. కాపురాల్లో ఉన్న 1,000 మందికి లెక్కేస్తే 20, 30! విడిపోవడానికి ముందు పెళ్లి కావాలి కదా. హారంలో పెళ్లయినవాళ్లనే ఉంచండి. వయసు కూడా 35–39 అయితే రెండు వైపులా 35–39 తీసుకోండి.

నల్లజాతిలో పెళ్లిళ్లు తగ్గడానికి ఒకప్పటి బానిసత్వమే మూలమనే వాదన కూడా పూర్తిగా నిలవదు. 1940 జనాభా లెక్కల్లో నల్లజాతి స్త్రీలకు తెల్లవాళ్లకంటే ముందే పెళ్లయ్యేది. అంతరం పెరిగింది ఆ తర్వాత, ముఖ్యంగా 1970ల నుంచి. డెట్రాయిట్, షికాగోల్లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, జైళ్లు నిండాయి. పెళ్లికి తగ్గ సంపాదన ఉన్న మగవాళ్లు తగ్గారు. అందుకే అమెరికన్ సోషియాలజిస్టు విలియం జూలియస్ విల్సన్ 1987లో ప్రతి 100 మంది స్త్రీలకు అదే వయసు, అదే జాతి మగవాళ్లలో ఉద్యోగం ఉన్నవాళ్లెందరని లెక్కగట్టాడు. కారణం అదొక్కటే కాదు గానీ, మీ సెమినార్‌కు అదే వెన్నెముక కావాలి.

మన జిల్లాకు 2011 జనాభా లెక్కల వైవాహిక స్థితి పట్టిక చూడండి. అందులో ‘విడాకులు పొందినవారు’, ‘విడిపోయినవారు’ వేరువేరు గడులు. రెండూ కలపాలి. పల్లెల్లో పెద్దమనుషుల దగ్గర తేల్చుకుని పుట్టింటికి వచ్చేసిన ఆడపిల్ల కోర్టు మెట్లు ఎక్కదు. ఆమె మొదటి గడిలో కనిపించదు. ఇంకో జాగ్రత్త: తిరుపతి జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్‌లో. 2011 పట్టికల్లో తిరుపతి, శ్రీకాళహస్తి చిత్తూరు కింద, గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరు కింద ఉంటాయి.