కర్ణానికీ చెవికీ ఏమిటి చుట్టరికం?

సందేహం: నిరూపక తలంలో ‘రెండు బిందువుల మధ్య దూరం’ అని పుస్తకంలో ఉంది. ‘మధ్య’ దండగ, ‘బిందువుల దూరం’ చాలు అంటారు మా మాస్టారు. ఏది ఒప్పు? ఆ దూరం కర్ణమే అవుతుందట. కర్ణమంటే చెవి కదా?

సమాధానం: రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, రుచంతా అందులోనే ఉంది.

లంబకోణ త్రిభుజంలో నిలువు గీత కోటి, అడ్డగీత భుజం, ఆ రెంటి కొసల్నీ కలిపే ఏటవాలు గీత కర్ణం. 1150లో భాస్కరుడు రాసిన లీలావతి అనే గణిత గ్రంథంలో ఒక లెక్క: ‘కోటిశ్చతుష్టయం యత్ర దోస్త్రయం తత్ర కా శ్రుతిః’. కోటి 4, భుజం 3 అయితే శ్రుతి ఎంత అని. శ్రుతి అనగానే తంబురా వెతక్కండి. అది కర్ణమే! కర్ణం చెవి కాబట్టి చెవికున్న మారుపేర్లన్నీ ఈ గీతకూ చెల్లుతాయి: శ్రుతి, శ్రవణం, ఛందస్సులో ఏది ఒదిగితే అది. భుజాన్ని దోస్సు అన్నదీ అందుకే. లెక్కల్ని పద్యాల్లో చెప్పేవాడికి నిఘంటువు నోటికి రావాలి మరి. పైగా సంస్కృతంలో కర్ణమంటే చెవి ఒక్కటే కాదు, చుక్కాని కూడా. కర్ణధారుడు అక్కణ్ణుంచే వచ్చాడు.

(2, 3), (5, 7) బిందువులు తీసుకోండి. అడ్డంగా తేడా 3, అది భుజం. నిలువుగా తేడా 4, అది కోటి. ‘తత్కృత్యోర్యోగపదం కర్ణః’ అంటుంది లీలావతి, అంటే ఆ రెంటి వర్గాల మొత్తానికి వర్గమూలం కర్ణం. 9, 16 కలిపితే 25, దూరం 5. బిందువుల్ని నిరూపకాలతో చూపే పద్ధతికి బాట వేసిన దెకార్త్ జ్యామితి గ్రంథం వచ్చింది 1637లో. భాస్కరుడికి అక్షాలూ లేవు, నిరూపకాలూ లేవు. అయినా మీ దూర సూత్రంలోని అసలు సరుకు ఈ ఒక్క పాదంలో ఉంది. ఇప్పటి పిల్లలు ‘ఫార్ములాలో వేసేశాం, ఆన్సర్ వచ్చేసింది’ అంటారు. ఆ రెండు బిందువులు పెట్టి త్రిభుజం గీయమంటే మాత్రం టెన్షన్!

ఇక ‘మధ్య’ సంగతి. ‘బిందువుల దూరం’ అంటే దేన్నుంచి దూరం, మూలబిందువు నుంచా అని అడిగేవాడు ఉంటాడు. అందుకని ‘మధ్య’ ఉండనివ్వండి. ‘ఎడం’ అనే చక్కని తెలుగు మాట ఉన్నా పరీక్ష పేపర్లో రాయమని నేను చెప్పను. నాకు ఒళ్లు మండేది ‘మధ్య గల దూరమును కనుగొనుము’ చూసినప్పుడు. ఆ ‘గల’ ఎందుకు? మీ మాస్టారిది తప్పని అనలేను, సందర్భం తెలిసినచోట ఆయన మాటా చెల్లుతుంది.